పది రోజుల పథ్యం, మూడు నెలల లెక్క

దసరా తర్వాత డాక్టర్‌కు చూపించుకోవాలని నాకు ముందే తెలుసు. అందుకే పది రోజుల ముందు నుంచి అన్నం తగ్గించి, రాత్రి రెండు జొన్నరొట్టెలతో సరిపెట్టుకుని, తెల్లవారకముందే వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడక మొదలుపెట్టాను. పరగడుపు షుగర్ 118 వచ్చింది. హన్మకొండలో ల్యాబ్ మెట్ల మీది నుంచే ఇంటికి ఫోన్ చేసి గొప్పలు పోయాను.

సాయంత్రం రెండో కాగితం వచ్చింది. మూడు నెలల షుగర్ లెక్క చెప్పే పరీక్ష, హెచ్‌బీఏవన్‌సీ 8.6 శాతం. రిపోర్టు ఎవరిదో మారిపోయిందని ల్యాబ్ అబ్బాయితో వాదన పెట్టుకున్నాను. పాపం, పేరూ వయసూ రెండుసార్లు చూపించాడు.

డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "బతుకమ్మ సత్తులు, మలీద ఎన్ని రోజులు తిన్నరు?" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. రక్తంలోని చక్కెర ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుందట. ఒకసారి గట్టిగా అంటితే ఆ కణం చచ్చేదాకా ఊడదు. కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. ఎంత శాతానికి అంటిందన్నదే ఈ పరీక్ష చెప్పేది. 118 ఆ ఒక్క పొద్దుటి సంగతి. 8.6 అంటే రెండు మూడు నెలల సగటు 200 దాకా ఉన్నట్టు.

"మరి నా పది రోజుల పథ్యం గాలికేనా మేడం?"

గాలికి పోదంది. ఫలితంలో సుమారు సగం చివరి నెలదే, దాని ముందు నెలది పావు, ఇంకా పాతరోజులది మిగతా పావు. పది రోజులు కొంత లాగుతాయి కానీ పండగను తుడిచేయలేవు. మాత్ర డోసు పెంచింది, హిమోగ్లోబిన్ కూడా చూపించమంది. ఐరన్ తక్కువైతే ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపొచ్చు, రక్తం బాగా పోయినా ఎక్కించినా తక్కువ చూపొచ్చు. నాది 14. సాకు దొరకలేదు.

ఆగలేక నెలకే సొంత డబ్బుతో మళ్లీ చేయించాను. 8.0. ఇంత కష్టపడితే ఇంతేనా అని డీలా పడ్డాను. పాత కణాలు ఇంకా ఒంట్లో తిరుగుతున్నాయి కదా, మూడు నెలలు ఆగమంటే ఎందుకు ఆగరని డాక్టరమ్మ కోప్పడింది.

సంక్రాంతికి సకినాలతో తప్పు చేశాను. తీపి కాదు కదా అనుకున్నాను. తిన్న రెండు గంటలకు ఇంట్లో మిషన్ 231 చూపిస్తే, అదీ బియ్యప్పిండే కదా అని గుర్తొచ్చింది. ఆ పూటతో డబ్బా మూత పెట్టేశాం.

జనవరి చివర్లో 7.1. సగటు 157. మాకు పెట్టిన గురి 7 లోపు.

ఆ తర్వాత మేడారం జాతర. పక్కింటివాళ్లు బంగారం, అదే ప్రసాదం బెల్లం, తెచ్చిచ్చారు. కళ్లకద్దుకుని శనగగింజంత నోట్లో వేసుకున్నాను. మా ఆవిడ మిగతా బెల్లం పై అరలో పెడుతూ, "ఏప్రిల్‌ల మళ్ల టెస్టున్నది" అంది.