390 నంబరు జర్మన్ బొమ్మకి కొత్త ఎలాస్టిక్, ఇప్పటిదాకా అయిన పని

ఎస్టేట్ సేల్లో, అంటే ఎవరింట్లోదో పాత సామాను అమ్మేసే చోట తెచ్చుకున్న జర్మన్ బొమ్మ పని కాస్త ముందుకి జరిగింది. విగ్గు తీస్తే మెడ వెనక అర్మాండ్ మార్సెయ్, జర్మనీ, 390 అని అచ్చు ఉంది, అంటే జర్మనీలో తూరింగియా ప్రాంతపు కోపెల్స్‌డార్ఫ్‌లో ఉండిన మార్సెయ్ బొమ్మల ఫ్యాక్టరీది, 390 తల అచ్చు నంబరు. ఈ నంబరు తలలు లెక్కలేనన్ని చేశారు కాబట్టి పెద్ద రేటేం పలకదు, చెయ్యి తిరగడానికి ఇలాంటిదే మంచిది. ఎత్తు 22 అంగుళాలు, తల బిస్క్, అదే మెరుపు పూత లేని పింగాణీ, ఒళ్ళేమో కాంపోజిషన్, అంటే రంపప్పొట్టు, గుజ్జు, జిగురు లాంటివి కలిపి అచ్చుపోసింది, కీళ్ళ దగ్గర గుండ్రటి బాల్స్. వీటన్నిటినీ కలిపి పట్టుకునేది లోపల బిగించిన ఎలాస్టిక్ ఒక్కటే, అది కాస్తా ఎండిపోయి ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది.

అన్నీ విడదీసేముందు ఫోటోలు తీసి పెట్టుకున్నా, మోకాలి బాల్ ఎటు తిరిగి ఉందో తర్వాత గుర్తుండదు మరి. విగ్గు ఎలాగూ తీశాం కదా అని లైట్లు ఆపేసి తల లోపల చిన్న టార్చ్ పెట్టి చూశా, వెంట్రుకవాసి పగులున్నా నల్లటి గీతలా కనిపించేస్తుంది, దీనికి లేదు, హమ్మయ్య.

ఒంటిని మాత్రం నీళ్ళతో కడగొద్దు, వార్నిష్ లేచిపోతుంది, లోపల మెత్తబడి ఉబ్బుతుంది కూడా. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి వదిలేశా. వేళ్ళ దగ్గర రంగు పోయింది, కొత్త పెయింట్ వేస్తే మెరుస్తుందని మా ఆయన సలహా, నేనొప్పుకోలేదు, పాత రంగు పోతే మళ్ళీ రాదు కదా. మణికట్టు కొక్కేలకి పట్టిన తుప్పు గరుకు కాగితంతో గీకేశా, ఒక కొక్కెం వదులుగా ఊగుతుంటే చెక్కకి వాడే తెల్ల జిగురు పెట్టి ఒక రాత్రంతా ఆరనిచ్చా.

ఇక ఎలాస్టిక్. లంగాలకి వేసే చదునుది పనికిరాదు, బట్ట చుట్టిన గుండ్రటిది కావాలి, చేతులకి 3 మి.మీ., కాళ్ళకి 4 మి.మీ. తీసుకున్నా. చేతులు సులువే, ఒక చేతి కొక్కేనికి మడత తగిలించి ముంజేయి, మోచేతి బాల్, పై చెయ్యి, భుజం కన్నం, మొండెం దాటించి అవతలి చేతిదాకా లాగి ముడెయ్యడమే, సన్న వైరు వంచి కొక్కెం చేసుకుంటే లంగాలో బొందు ఎక్కించినట్టు జరజరా వచ్చేస్తుంది. కాళ్ళదే తంటా. ఎడమ మోకాలి కింది కొక్కెం నుంచి రెండు పేటలుగా తొడలోంచి పైకి తెచ్చి, మెడ కన్నంలోంచి బయటికి లాగి, అక్కడ అడ్డంగా పెన్సిల్ పెట్టి ఆపి, మళ్ళీ కుడి కాల్లోకి దించాలి. చివర్లో లాగి పట్టుకోడానికి లాక్ అయ్యే ఫోర్సెప్స్, అంటే పట్టుకుని అలాగే బిగుసుకుపోయే పట్టకారు ఉంటే రెండో మనిషి అక్కర్లేదు. ముడి వేశాక బాగా లాగి చూసి, అప్పుడే మిగిలింది కత్తిరించాలి, ముందే కొలిచి కోస్తే చాలక ఇబ్బంది.

బిగువు ఎంతుండాలనేదే అసలు పని. బొమ్మ దానంతటది నిలబడాలని గట్టిగా బిగిస్తుంటారు, నాకది నచ్చదు, ఆ బలమంతా మెడ గుంట అంచుమీదే పడి కాంపోజిషన్ పగులుతుంది. చెయ్యి పైకెత్తి వదిలితే అక్కడే ఆగాలి, తల తిప్పితే వెనక్కి గుంజుకోకూడదు, నాకది చాలు. మెడ గుంటలో పల్చటి మేక తోలు ముక్క గుండ్రంగా కత్తిరించి వేశా, పింగాణీ నేరుగా ఒరుసుకోకుండా. తల తగిలించేటప్పుడు మాత్రం మంచం మీద తువ్వాలు మడతలు వేసి దానిమీదే చేశా, తలని మెడ దగ్గర ఆపిన ఎలాస్టిక్‌కి తగిలించే ఎస్ ఆకారపు కొక్కెం చేతిలోంచి జారితే తల ఎటెగురుతుందో చెప్పలేం.

అమ్మ వీడియో కాల్‌లో చూసి సంక్రాంతికి బొమ్మల కొలువులో పెడతావా అనడిగింది, పెట్టొచ్చు గానీ ఇంకా కళ్ళున్నాయి. ఇవి పడుకోబెడితే మూసుకునే గాజు కళ్ళు, వెనక సీసం బరువుంటుంది, ఒక పక్క పట్టుకున్న పాత ప్లాస్టర్ వదిలిపోయింది. అది సరిచేసేదాకా బోర్లా పడుకోబెట్టి ఉంచుతున్నా, తల లోపల టిష్యూ పేపర్ కూరి పెట్టా, బరువు ఊగి పింగాణీకి కొట్టుకోకుండా. విగ్గు మోహెయిర్‌ది, అంటే అంగోరా మేక బొచ్చుది, దువ్వుతుంటే ఊడుతోంది, అదింకా ముట్టుకోలేదు.