ఒక్క ఆక్సిజన్ దగ్గర ఆగితే చాలు

మంగళవారం, నల్లగొండ

పొద్దున డిగ్రీ పాఠాలు, తర్వాత హాజరు పట్టికలు. వాటి గురించి రాయడానికేమీ లేదు. మధ్యాహ్నం ల్యాబులో జరిగిందే రాసుకోవాలని ఉంది.

దేవరకొండ నుంచి వచ్చే ఎమ్మెస్సీ అమ్మాయి తన ప్రాజెక్టు కోసం థయోయానిసోల్ అనే గంధకపు ద్రవం (రసాయన భాషలో ఒక సల్ఫైడ్) సీసా మూత తీసింది. గంధకం ఉన్న పదార్థాల సంగతి ముందు ముక్కుకే తెలుస్తుంది. ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లోపలే తీసినా కుళ్లిన క్యాబేజీ వాసన గదంతా నిండింది.

ఈ సల్ఫైడ్‌కు ఒక ఆక్సిజన్ పరమాణువు చేరితే సల్ఫాక్సైడ్, రెండోదీ చేరితే సల్ఫోన్. మొదటి దానితో ఆపడమే కష్టం. పాత పద్ధతుల్లో ఆక్సిజన్‌ను అందించే పెరాసిడ్ అనే ఆమ్లం కాస్త ఎక్కువైతే చాలు, సల్ఫోన్ తయారైపోతుంది. కడుపులో మంటకు అందరూ వేసుకునే ఒమెప్రజోల్ ఒక సల్ఫాక్సైడే. అందులో సల్ఫోన్ కనిపిస్తే దాన్ని మలినం కింద లెక్కిస్తారు. చౌటుప్పల్ వైపు మందుల కంపెనీల్లో ఉద్యోగాలకు వెళ్లే మా పిల్లలకు ఈ తేడా తెలియడం చాలా అవసరం.

సల్ఫాక్సైడ్ దగ్గరే ఆపడానికి మేం వాడినవి కరిగించేందుకు మిథనాల్, చిటికెడు రోజ్ బెంగాల్ రంగు, మామూలు గాలి, ఆకుపచ్చ ఎల్ఈడీ పట్టీ. పట్టీ క్లాక్ టవర్ సెంటర్‌లోని దుకాణంలోనే దొరికింది, పండగలకు మండపాలకు చుట్టే రకం. పటికతో, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని ప్రపంచమంతా మా ఊరి పేరుతోనే పిలుస్తుంది కాబట్టి, చవక సామానుతో మంచి కెమిస్ట్రీ చేయవచ్చని ఇక్కడి పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

గులాబీ రంగు ద్రావణం ఆకుపచ్చ వెలుగును పీల్చుకుంటుంది. ఆ శక్తిని రంగు అణువు ద్రావణంలో కరిగిన ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా ఉత్తేజితమైన ఆక్సిజన్ అణువు ఒక సల్ఫైడ్‌తో కలుస్తుంది. ఈలోగా ఇంకో సల్ఫైడ్ వచ్చి రెండో పరమాణువును తీసుకుంటుంది. ఒక్క అణువుతో రెండు సల్ఫాక్సైడ్లు! పారబోయాల్సిన ఆమ్లం ఏదీ మిగలదు. బోర్డు మీద ఈ మెట్టు ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరదు.

సాయంత్రం టీఎల్‌సీ ప్లేటును, అంటే మిశ్రమంలోని పదార్థాలను వేర్వేరు మచ్చలుగా విడదీసి చూపే పలకను, యూవీ దీపం కింద పెట్టాం. పైన సల్ఫైడ్ మచ్చ దాదాపు చెరిగిపోయింది. అడుగు గీతకు కొంచెం పైన సల్ఫాక్సైడ్ చిక్కగా, గుండ్రంగా కనిపించింది. మధ్యలో, సల్ఫోన్ ఉంటే కనిపించాల్సిన చోట, ఏమీ లేదు. పోలిక కోసం రేకు చుట్టి చీకట్లో ఉంచిన ఇంకో సీసాలో మాత్రం సల్ఫైడ్ సల్ఫైడ్‌గానే ఉంది.

“మేడం, దీపం లేకుండా ఎండలో పెడితే?” అని అడిగింది ఆ అమ్మాయి.

1912లో ఇటలీ శాస్త్రవేత్త జాకొమో చమీచియాన్ న్యూయార్క్ ప్రసంగంలో చెప్పింది ఇదే: బొగ్గు వదిలి, సూర్యకాంతితో రసాయనాలు తయారు చేద్దామని. ఆయనా బొలోన్యాలో ఫ్లాస్కులను ఎండలోనే ఆరబెట్టినట్టు పెట్టేవారు. ఆ మాట చెప్పగానే ఆమె అప్పుడే డాబా మీదికి వెళ్లి నీడ పడని చోటు చూసి వచ్చింది. మిథనాల్ 65 డిగ్రీలకే మరుగుతుంది, మన ఎండకు ఫ్లాస్కు నేరుగా పెట్టలేం. రేపు తొట్టిలో చల్లని నీళ్లు పోసి, అందులో ఉంచి మొదలుపెడతాం.