పాప తిండికి మెషిన్ కొని వాపసు చేసిన నా అనుభవం

నిన్న సాయంత్రం 6,400 రూపాయలు నా ఖాతాలో పడ్డాయి. పాపకు తిండి చేసే మెషిన్ కొని, అది చెడిపోయి, షాపు చుట్టూ తిరిగి రాబట్టుకున్న డబ్బు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్ళు ఒకసారి చదవండి.

ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ప్రసూతి సెలవు 26 వారాలు. కాన్పుకు ముందే మూడు వారాలు వాడుకున్నాను కాబట్టి పాపకు అయిదు నెలలు దాటగానే బడికి వెళ్ళాల్సి వచ్చింది. ఆరు నెలలు నిండగానే పైతిండి పెట్టమంటారు డాక్టర్లు. నేను ఇంట్లో లేని రోజులు, పాప తిండి మొదలయ్యే రోజులు కలిసే వచ్చాయి. ఆ టెన్షన్‌లో ఫోన్ తీస్తే చాలు, ఆవిరి పట్టి రుబ్బి ఇచ్చే మెషిన్లే. డబ్బా పాలు, పాల సీసాలు, రెండేళ్ళలోపు పిల్లల తిండి పొట్లాలు, వీటి ప్రకటనలను 1992 నాటి చట్టం, దానికి 2003లో చేసిన సవరణ ఆపేశాయి. మెషిన్లకు ఆ అడ్డు లేదు.

అమ్మ శ్రీకాళహస్తి నుంచి వచ్చి మాతోనే ఉంటోంది. "ఇంట్లో ఇడ్లీ పాత్ర ఉంది, మిక్సీ ఉంది. దీనికింత దుడ్లు పోయాల్నా?" అంది. "నువ్వు ఒక్కదానివే చూసుకోవాల కదమ్మా, నీకు సులువవుతుందనే" అన్నాను. నిజంగా అందుకే కొన్నాను.

మొదటి వారం క్యారెట్, చిలగడదుంప, ఆపిల్. బాగానే ఉంది. రెండో వారం అన్నం, పప్పు దగ్గరికి వచ్చేసరికి అసలు విషయం తెలిసింది. ఈ మెషిన్లు ముక్కలను ఆవిరి మీద మెత్తబరుస్తాయి, అంతే. బియ్యం, పెసరపప్పు నీళ్ళలో ఉడకాలి, చిల్లుల బుట్టలో ఉడకవు. రాగి జావ అయితే పొయ్యి దగ్గర నిలబడి ఉండ కట్టకుండా తిప్పాల్సిందే. మన పిల్లలకు మనం పెట్టేది ఎక్కువగా ఇవే కదా. ఆరు నెలల తర్వాత తల్లిపాలలోని ఇనుము పిల్లలకు చాలదు. అది పప్పు, ఆకుకూర, గుడ్డు లాంటివాటి నుంచి రావాలి, క్యారెట్ గుజ్జు నుంచి రాదు. కాబట్టి కుక్కర్ ఎలాగూ పెట్టాం, మెషిన్ కూడా పెట్టాం. అమ్మకు పని తగ్గకపోగా పెరిగింది. మొదట్లో పాప తినేది రెండు మూడు చెంచాలు. అంత కొంచెం వేస్తే బ్లేడుకు అందదు. ఎక్కువ వేస్తే మిగిలిపోతుంది. రబ్బరు రింగు సందుల్లో ఇరుక్కున్న గుజ్జును పుల్లతో తీసి కడగడానికి కుక్కర్ గిన్నె కడిగినదానికి మూడింతలు పట్టేది.

ఇరవై మూడో రోజు ఆవిరి రావడం మానేసింది. ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది. కింద వేడెక్కే పళ్ళెం మీద తెల్లటి పొర. శనివారం బడి వదలగానే పాపను చంకనేసుకుని, మెషిన్ సంచిలో పెట్టుకుని షాపుకు వెళ్ళాను. పేరు రాయను. ఊళ్ళో పెద్ద షాపే.

శనివారం కదా, కౌంటర్ దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. కొన్న రోజు "ఏ నీళ్ళైనా పోయండి మేడమ్, ఏం కాదు" అని చెప్పిన అబ్బాయే ఉన్నాడు. మూత తీసి, పళ్ళెం మీద వేలితో గీకి, ఆ వేలు అందరికీ కనిపించేలా పైకెత్తాడు. "చూడండి మేడమ్, ఇంత గలీజుగా పెట్టుకుంటే మెషిన్ ఏం చేస్తుంది? దీంట్లోనేనా పాపకు వండి పెట్టినారు?"

పక్కనున్న ఒకావిడ నా చంకలో ఉన్న పాపను చూసింది. తర్వాత నన్ను చూసింది. నాకు మాట రాలేదు. రోజూ నలభై మంది పిల్లల ముందు గొంతెత్తి పాఠం చెప్పేదాన్ని, అక్కడ నోరు పెగల్లేదు. పాప గిన్నెలు వేడినీళ్ళతో కడగనిదే పొయ్యి దగ్గరికి రానివ్వదు మా అమ్మ. అది గలీజు కాదు, సున్నం. మా బోరు నీళ్ళు కాచిన ప్రతి గిన్నెలోనూ ఆ పొర ఉంటుంది. మా ఇడ్లీ పాత్ర అడుగున ఉంది, గీజర్లో ఉంది. నీళ్ళు మరిగితే అందులో కరిగి ఉన్న సున్నం విడిపోయి అంటుకుంటుంది, ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. ఇవన్నీ నాకు ఇంటికొచ్చాక గుర్తొచ్చాయి. అక్కడ మాత్రం "మీరే కదా ఏ నీళ్ళైనా పర్లేదన్నారు" అని ఒక్క మాట అన్నాను. "నేనెందుకంటాను మేడమ్" అన్నాడు. మేనేజరు ఫోన్ నుంచి తలెత్తకుండా బిల్లు అడుగున వేలు పెట్టి చూపించాడు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఆ రాత్రి నిమ్మ ఉప్పు వేసి కాసేపు నానబెడితే పొర మొత్తం పోయింది. లైటు మాత్రం ఎర్రగానే ఉంది. అంటే లోపల వేరే లోపం. పైగా నెలకోసారి సున్నం తీయమని వాళ్ళిచ్చిన పుస్తకంలోనే ఉంది, మాది నెల తిరగకముందే ఆగిపోయింది. సోమవారం 1915కు ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు. బిల్లు, శుభ్రం చేశాక కూడా ఎర్రగా వెలుగుతున్న లైటు వీడియో పంపాను. వీడియో తీసుకోండి, అదే నన్ను కాపాడింది. ఆ తర్వాత ఫోన్లు, మెసేజీలు, అయిదు వారాలు.

ఈలోగా పాపకు జలుబు చేస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఏం పెడుతున్నారని ఆవిడ అడిగింది. మిక్సీలో మెత్తగా రుబ్బి అన్నాను. "ఏడో నెల నడుస్తోంది, ఇంకా రుబ్బడమెందుకమ్మా? చేత్తో మెదిపి పెట్టు. పలుకు అలవాటు కాకుండా పది నెలలు దాటించేస్తే తర్వాత ముద్ద పెడితే కక్కేస్తారు" అంది. మెషిన్ పోయినా మెషిన్ నేర్పిన అలవాటు నాలో మిగిలిపోయిందన్నమాట. ఆ రోజే మిక్సీ మానేశాం.

ఇప్పుడు మా ఇంట్లో పప్పుగుత్తి, ముల్లు చెంచా, కుక్కర్‌లో ఒక చిన్న స్టీలు గిన్నె. ఉప్పు, కారం వేయకముందే పాప వంతు తీసి పెడతాం. ఎనిమిదో నెలలో మా పాప మెత్తటి రాగి సంకటి పాలకూర పప్పుతో తింటోంది. గర్వంగానే చెబుతున్నాను, వరసకు మా వదిన వాళ్ళ బాబు ఏడాది నిండినా గుజ్జే తింటున్నాడు.

కొనదగ్గవి ఉన్నాయి. బెల్టు ఉన్న చిన్న కుర్చీ కొనండి, పాప నిటారుగా కూర్చుని తింటుంది, అమ్మ నడుముకూ విశ్రాంతి. చిగుళ్ళకు గుచ్చుకోని మెత్తటి చెంచాలు రెండు. పళ్ళ ముక్కలు వేసి చప్పరించే జాలీ మాత్రం వద్దు, కడిగినా వాసన పోదు. నొక్కితే జావ వచ్చే చెంచా సీసా అసలు వద్దు, పాప నమలదు, మింగుతుంది. ఉడికిన బంగాళదుంప ముక్క చేతికివ్వండి, తనే నోట్లో పెట్టుకుంటుంది.

నిన్న మెషిన్ అప్పగించడానికి వెళ్ళినప్పుడు మేనేజరు సంతకం పెట్టించుకుని డబ్బు పంపాడు. ఆ అబ్బాయి పక్కనే నిలబడి ఉన్నాడు. డబ్బాలోంచి పళ్ళెం తీసి అతని ముందు పెట్టాను. ఒక్క మచ్చ లేకుండా తళతళలాడుతోంది. "ఆ రోజు గలీజన్నారు, ఇప్పుడు వేలితో గీకి చూడండి" అన్నాను. గీకలేదు. పళ్ళెం డబ్బాలో పెట్టి లోపలికి తీసుకెళ్ళిపోయాడు.