నాన్‌కోడింగ్ ఆర్ఎన్ఏలు నాకు ఎక్కింది ఒక్క ప్రశ్నతో

ఫ్రెండ్స్, సీఎస్ఐఆర్ నెట్ (లెక్చరర్‌షిప్, రీసెర్చ్ ఫెలోషిప్ పరీక్ష) లైఫ్ సైన్సెస్‌కి చదివేవాళ్ళ కోసం రాస్తున్నా. మా పెద్దమ్మ స్కాన్ రిపోర్ట్‌లో గ్లయోబ్లాస్టోమా (వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్) అని చూసినప్పటి నుంచి బ్రెయిన్ ట్యూమర్ టాపిక్ అంటే నాకు సిలబస్ ఒక్కటే కాదు, అయినా మొదట్లో అసలు ఎక్కలేదు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పొద్దున్నే సీటు పట్టుకుని ఆ ట్యూమర్‌లో వచ్చే నాన్‌కోడింగ్ ఆర్ఎన్ఏల (ప్రోటీన్ తయారు చేయని ఆర్ఎన్ఏల) పేర్లు ముప్పై టేబుల్ వేసి బట్టీ కొట్టేదాన్ని, మద్దిలపాలెంలో బస్సు దిగేసరికి సగం ఎగిరిపోయేవి.

ఒక మాక్ టెస్టులో మిర్-21 అనే మైక్రో ఆర్ఎన్ఏని (చిన్న నాన్‌కోడింగ్ ఆర్ఎన్ఏ) బ్లాక్ చేస్తే ట్యూమర్ సెల్ ఏమవుతుంది అని అడిగారు. మైక్రో ఆర్ఎన్ఏ జీన్‌ని ఆపుతుంది కదా, అంటే ట్యూమర్‌ని కూడా ఆపుతుంది అనుకుని ఇంకా పెరుగుతుందని పెట్టేశా. తప్పు. పార్ట్ సి ప్రశ్న, 4 మార్కులు పోయాయి.

ఆ రాత్రి పాత క్యాలెండర్ కాగితం తిరగేసి ఒక్కో ఆర్ఎన్ఏ పక్కన ఒకటే రాసుకున్నా: ఇది ఎవరి నోరు నొక్కుతోంది? మిర్-21 నొక్కేది పీడీసీడీ4 అనే ట్యూమర్ సప్రెసర్‌ని, అంటే సెల్‌ని ఆపేవాడినే ఆపేస్తోంది, అందుకే అది ఎక్కువైతే ట్యూమర్‌కి లాభం, గ్లయోబ్లాస్టోమా సెల్స్‌లో దాన్ని తగ్గిస్తే కాస్పేజ్‌లు (సెల్‌ని చంపే ఎంజైములు) లేచి సెల్స్ చచ్చిపోతాయని 2005లోనే చూపించారు. మిర్-7 దీనికి రివర్స్, అది నొక్కేది ఈజీఎఫ్ఆర్ అనే గ్రోత్ సిగ్నల్ రిసెప్టర్‌ని, గ్లయోబ్లాస్టోమాలో మిర్-7 తగ్గిపోతే గ్రోత్ సిగ్నల్‌కి అడ్డు తగ్గుతుంది. మిర్-128 కూడా ఇంతే, మామూలు మెదడులో బాగా ఉంటుంది, ట్యూమర్‌లో పడిపోతుంది, దాని టార్గెట్ బీఎంఐ1, స్టెమ్ సెల్ గుణం నిలబెట్టేది. ఈ మూడూ పట్టుకుంటే మిగతావి మీరే లాగేస్తారు.

200 న్యూక్లియోటైడ్లు దాటిన లాంగ్ నాన్‌కోడింగ్ వాటికి మాత్రం ప్రశ్న కొంచెం మార్చాలి, ఎవరిని మోసుకెళ్తోంది అని. హోటెయిర్ అయితే పీఆర్సీ2 అనే ప్రోటీన్ల కాంప్లెక్స్‌ని, అందులోని ఈజెడ్‌హెచ్2 ఎంజైమ్ హెచ్3కే27 (డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ హెచ్3 ప్రోటీన్‌లో ఒక చోటు) మీద మిథైల్ గ్రూపులు పెట్టి జీన్‌ని మూసేస్తుంది.

సర్క్యులర్ ఆర్ఎన్ఏల్లో (రెండు కొసలూ కలిసి గుండ్రంగా ఉండేవి) సీఐఆర్ఎస్-7 వదలొద్దు, మెదడులో ఎక్కువ ఉంటుంది, మిర్-7 అతుక్కునే చోట్లు 70కి పైనే. అంటే నోరు నొక్కేవాడినే పట్టి ఉంచేవాడు ఇంకొకడు. కాగితంలో చోటు చాలక మార్జిన్‌లో ఆకుపచ్చ పెన్నుతో ఒక గుండ్రం గీసి, చుట్టూ చిన్న చిన్న గీతలు పెట్టా, ఇంకా గోడకే ఉంది.