తాతయ్య ఫొటోను గింప్‌లో బాగుచేసుకున్న అనుభవం

అమ్మ దగ్గర వాళ్ళ నాన్నది ఒకే ఒక్క ఫొటో ఉంది. స్టూడియోలో తీయించిన నలుపు తెలుపు ఫొటో, దాదాపు పోస్టుకార్డంత ఉంటుంది. కాగితం పసుపు పట్టింది, మధ్యలో మడత పడిన చోట పైపొర పెచ్చులూడింది, పంచె అంచు నుంచి మోకాళ్ళ దాకా తేమ మరక పాకింది. దానిని 12×18 అంగుళాలకు పెద్దది చేయించి ఫ్రేము కట్టించాలని అమ్మ కోరిక. మొదట ఒక స్టూడియోలో ఇస్తే, వారు ఏదో ఏఐ యాప్‌లో వేసి, మరకా మడతా లేకుండా, చర్మం మైనపు బొమ్మలా మెరిసేలా చేసి ఇచ్చారు. అమ్మ చాలాసేపు చూసి, "బాగానే ఉంది గానీ, ఈయన మా నాన్న కాదురా" అని తేల్చేసింది. ఎడమ కనుబొమ మీద ఉండాల్సిన గాటు అందులో లేదు, కళ్ళ వంపు కూడా మారిపోయింది. ఉన్నదానిని శుభ్రం చేయడం వేరు, లేనిదానిని ఊహించి అతికించడం వేరు. నాకు కావలసింది మొదటిది.

ఒక్క ఫొటో కోసం నెలనెలా చందా కట్టి ఫొటోషాప్ తెచ్చుకోవడం అనవసరమనిపించి, అలాంటి పనులే చేసే గింప్ దించుకున్నాను. 1995లో బర్కిలీలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ ఉచితమే, దాని సోర్సు కోడు కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది. నేను వాడినది 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షను.

పని సగం స్కానింగ్ దగ్గరే తేలిపోతుందని మొదట్లోనే తెలిసింది. 12×18 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600×5400 పిక్సెళ్ళు కావాలి. మూడున్నర అంగుళాల వెడల్పున్న కాగితం నుంచి అన్ని పిక్సెళ్ళు రావాలంటే 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేయాలి, 600 సరిపోదు. ఫొటో నలుపు తెలుపే అయినా స్కాన్ మాత్రం రంగుల్లోనే, 16 బిట్లలో చేశాను. వెలిసిపోయిన ఫొటోలో అసలు నలుపు గానీ అసలు తెలుపు గానీ ఉండదు, అంతా మధ్యలోని బూడిద ఛాయలే. వాటిని లెవెల్స్ అనే పనిముట్టుతో నలుపు, తెలుపు వైపులకు సాగదీసినప్పుడు, 8 బిట్లలో ఉండే 256 మెట్లు చాలక వెనుక పరదా మీద చారలు తేలతాయి. 16 బిట్లలో 65,536 మెట్లు ఉంటాయి కనుక ఆ బాధ ఉండదు.

రంగుల్లో స్కాన్ చేయడానికి ఇంకో కారణం ఉంది. పసుపు మరక నీలి కాంతిని మింగేస్తుంది, ఎర్ర కాంతిని దాదాపు మింగదు. రంగుల స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు ఛానెళ్ళుగా విడివిడిగా నమోదవుతాయి, అందుచేత అదే మరక నీలం ఛానెల్‌లో నల్లగా, ఎరుపు ఛానెల్‌లో లీలగా కనిపిస్తుంది. ఏ ఛానెల్ ఎంత పాళ్ళలో కలిపి నలుపు తెలుపు చేయాలో చెప్పే మోనో మిక్సర్ తెరిచి, ఎరుపును 1 దగ్గర ఉంచి ఆకుపచ్చను, నీలాన్ని సున్నా చేయగానే, బ్రష్షు ముట్టుకోకుండానే తేమ మరకలో చాలా భాగం పోయింది. ఈ పనంతటిలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించినది ఆ క్షణమే.

మిగిలిన మరక కోసం వేవ్‌లెట్ డీకంపోజ్ అనే ఫిల్టర్ వాడాను. అది చిత్రాన్ని వివరాల పరిమాణాన్ని బట్టి పొరలుగా విడదీస్తుంది. సన్నని గీతలు, కాగితపు గరుకుదనం పై పొరల్లోకి వెళ్తాయి, వెలుగునీడల పెద్ద మచ్చలు అడుగున రెసిడ్యువల్ అనే పొరలో మిగులుతాయి. మరక ఆనవాలును ఆ అడుగు పొరలోనే సరిచేస్తే పంచె నేత చెక్కుచెదరదు.

మడత పనికే ఎక్కువ సమయం పట్టింది. దీనికి క్లోన్, హీల్ అని రెండు పనిముట్లున్నాయి. కంట్రోల్ మీట నొక్కి పట్టి, మచ్చ లేని చోట క్లిక్ చేసి, ఆ భాగాన్ని మచ్చ మీద పూయడం రెండింటికీ ఒకటే పద్ధతి. క్లోన్ ఉన్నదున్నట్టు దించుతుంది, హీల్ చుట్టుపక్కల వెలుగుకు తగ్గట్టు కలిపేస్తుంది. చెంప మీద, పరదా మీద హీల్‌కు సాటి లేదు. కానీ మడత చెవి అంచును దాటే చోట అదే హీల్ పరదా బూడిద రంగును చెవిలోకి పులిమేస్తుంది. అలాంటి అంచుల దగ్గర చిన్న బ్రష్షుతో, కొత్త ఖాళీ పొర మీద, శాంపిల్ మెర్జ్‌డ్ (కింది పొరల నుంచి కూడా నమూనా తీసుకునే వీలు) పెట్టుకుని క్లోన్ చేయడమే క్షేమం. నచ్చకపోతే ఆ పొరలోనే చెరిపేయవచ్చు, కింది ఫొటోకు ఏమీ కాదు.

ఎడమ కనుబొమ దగ్గర తెల్లని గీత ఒకటి వచ్చేసరికి ఆగాను. పెద్దది చేసి చూస్తే, మడత దగ్గరి గీతలన్నీ పదునైన అంచులతో ఉన్నాయి, ఇది మాత్రం వెంట్రుకల మధ్య మెత్తగా కలిసిపోయి ఉంది. అమ్మను పిలిచి చూపించాను. "అదే, చిన్నప్పుడు బండి మీంచి పడితే అయిన గాటు. దాన్ని ముట్టుకోకు" అంది. చుట్టూ ఉన్న దుమ్ము చుక్కలు తీసేసి దానిని అలాగే ఉంచాను.

వెలుగునీడలను సర్దే కర్వ్స్ చివర్లో వేశాను. 3.0లో అది పొర మీద విడి ఫిల్టరుగా నిలిచి ఉంటుంది కనుక, ల్యాబ్ నుంచి వచ్చిన చిన్న నమూనా ప్రింటు తెర మీద కన్నా నల్లగా కనిపించినప్పుడు, దానినే తెరిచి మధ్య ఛాయలను కాస్త పైకి జరిపితే సరిపోయింది. సీఎంవైకే (అచ్చు సిరాల నాలుగు రంగుల) ఫైలు కావాలనే ప్రెస్సులకు ఇచ్చేవారికి గింప్ ఇప్పటికీ పూర్తిగా చాలదు. ఫొటో ల్యాబులు మాత్రం తెరల మీద మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల జేపెగ్ తీసుకుంటాయి కనుక నాకు ఇబ్బంది కలగలేదు.

తాతయ్య పేరు కింద తెలుగులో వేయాలన్నప్పుడు కొంత భయపడ్డాను, ఎందుకంటే డీటీపీ సెంటర్లలో యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతో పడే తంటాలు చూసినవాణ్ణే. ఇక్కడ యూనికోడ్‌లో టైపు చేయగానే ‘ష్ణ’, ‘ర్తి’ వత్తులతో సహా సరిగా పడ్డాయి. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో రామభద్ర మరీ లావుగా అనిపించి, మండలి ఎంచుకున్నాను.

గింప్‌లో సేవ్ అంటే పొరలన్నీ భద్రంగా ఉండే ఎక్స్‌సీఎఫ్ ఫైలు, జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఈ తేడా మొదట విసుగు పుట్టించింది. ప్రింటు చూసిన పిన్ని, పేరు లేకుండా తనకొక కాపీ కావాలని అడిగినప్పుడు మాత్రం, అక్షరాల పొర పక్కనున్న కన్ను గుర్తు నొక్కి దానిని దాచి, మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసి అప్పటికప్పుడే పంపించాను.