రేపే మిషిగన్‌తో మ్యాచ్

2025 నవంబరు 28. రేపు ఆన్ ఆర్బర్‌లో ఒహాయో స్టేట్, మిషిగన్ కాలేజీ జట్ల మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. దానికోసం పొద్దున ఏడున్నరకి ఒహాయోలోని కొలంబస్‌లో బయల్దేరాం. థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు కాబట్టి ఆఫీసుల రద్దీ లేదు. మా ఊళ్ళో మొదలుపెట్టి 23వ నంబరు హైవే పట్టుకుంటే అది ఆన్ ఆర్బర్ దాకా వెళ్తుంది. ఒహాయో స్టేట్, మిషిగన్ యూనివర్సిటీలు ఉన్న రెండు ఊళ్ళనీ కలిపే రోడ్డు ఒకటే కావడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. సుమారు 190 మైళ్ళు. డెలవేర్, మారియన్, అప్పర్ శాండస్కీ, ఆ మధ్యంతా కోత అయిపోయిన మొక్కజొన్న చేలు. వెనక సీట్లో మావాడు ఎర్ర టేపు చుట్ట జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ టేపు సంగతి చెప్పాలి. మిషిగన్ మ్యాచ్ వారంలో ఒహాయో స్టేట్ క్యాంపస్‌లో ఎక్కడ ఇంగ్లిష్ ‘ఎమ్’ కనిపించినా విద్యార్థులు దాని మీద ఎర్ర టేపుతో అడ్డగీతలు వేస్తారు. భవనాల పేర్లు, బోర్డులు, ఏవీ వదలరు. మావాడికి ఎనిమిదేళ్ళు. ఈ వారం మా ఇంట్లో మైక్రోవేవ్ మీద, పాల డబ్బా మీద, వాళ్ళమ్మ కాఫీ కప్పు మీద అన్నిచోట్లా వేసేశాడు. ఆదివారం తెలుగు క్లాసు హోంవర్కు చేస్తూ ‘అమ్మ’ అని రాసి, “నాన్నా, మ మీద కూడా వెయ్యాలా?” అని అడిగాడు. అమ్మలో మ జోలికి మాత్రం వెళ్ళొద్దన్నాను.

నాకీ పిచ్చి పట్టింది 2014లో. ఎమ్మెస్‌కి వచ్చిన మొదటి నవంబరు. ఆట నియమాలు సగం కూడా తెలియవు, రూమ్మేట్ లాక్కెళితే వెళ్ళాను. ఆ రోజు 42–28తో గెలిచాం. కానీ నాకు గుర్తుండిపోయింది స్కోరు కాదు. నాలుగో క్వార్టర్లో మా క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరి దాడిని నడిపే ఆటగాడు) జె.టి. బ్యారెట్ చీలమండ విరిగి మైదానంలో పడిపోయాడు. లక్షమంది నోరు మెదపలేదు. అప్పుడు మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ డెవిన్ గార్డ్‌నర్ దగ్గరికి వచ్చి, బ్యారెట్ మీదికి వంగి ధైర్యం చెప్పాడు. ఓడిపోతున్న జట్టు కుర్రాడు, బద్ధశత్రువని ఊరంతా చెప్పే జట్టు కుర్రాడు. ఆ రోజు నుంచి ఈ మ్యాచ్ నాది.

టొలీడో దాటేముందు గ్యాస్, అదే పెట్రోల్, కొట్టించాను. 1951 నుంచి 1978 దాకా మా జట్టు కోచ్‌గా ఉన్న వుడీ హేస్ మిషిగన్ గడ్డ మీద ఒక్క గ్యాలన్ కూడా కొననని పంతం పట్టాడని చెప్పుకుంటారు. ఆయన పోయి చాలాకాలమైనా బోర్డర్ దగ్గర ఒహాయో నంబర్ ప్లేట్లు బంకుల్లో బారులు తీరడం ఇవాళ కూడా చూశాను. ఈ టొలీడో కోసమే 1835లో ఒహాయో, అప్పటికింకా రాష్ట్రం కాని మిషిగన్ సైన్యాలు పోగేసి తలపడబోయాయి. చివరికి ఊరు ఒహాయోకి దక్కింది, బదులుగా మిషిగన్‌కి ఉత్తరాన ఉన్న అప్పర్ పెనిన్సులా ఇచ్చారు. రెండు యూనివర్సిటీల మధ్య మొదటి మ్యాచ్ 1897లో జరిగింది. అందులో 34–0తో ఓడిపోయాం. మొత్తం లెక్క తీస్తే ఇప్పటికీ మిషిగన్‌దే పైచేయి.

ఆన్ ఆర్బర్‌కి దగ్గర్లోని క్యాంటన్‌లో మా బామ్మర్ది ఇల్లు. వాడు చదివింది మిషిగన్‌లో. తలుపు తీయగానే, “రా బావా, ఐదోది కూడా ఇప్పించుకుని వెళ్దువు గానీ” అన్నాడు. నేను బూట్లు విప్పుతూ ఊరుకున్నాను. ఏమనగలను? 2021, 22, 23, 24, వరుసగా నాలుగు ఓడాం. పోయినేడాది మా సొంత స్టేడియంలో, మేమే ఘనంగా గెలుస్తామని అందరూ చెప్పిన మ్యాచ్‌లో, 45 సెకన్లు మిగిలుండగా వాళ్ళు ఫీల్డ్ గోల్ కొట్టి 13–10తో గెలిచారు. ఆ స్టాండ్స్‌లో నేనున్నాను. ఆ తర్వాత మావాళ్ళు టెనెసీ, ఓరెగాన్, టెక్సస్, నోటర్ డామ్ యూనివర్సిటీల జట్లని వరసగా ఓడించి జనవరిలో దేశ చాంపియన్లయ్యారు. నేను సంతోషంతో ఏడ్చాను కూడా. అయినా నవంబరు బాకీ నవంబరులోనే తీరాలి, జనవరిలో ఇచ్చింది దాని ఖాతాలోకి రాదు.

ఇది అభిమానుల మాట మాత్రమే అనుకోవద్దు. 1934 నుంచి మా జట్టులో ఒక ఆనవాయితీ ఉంది. మిషిగన్‌ని ఓడించిన ఏడాది ప్రతి ఆటగాడికీ లాకెట్టంత చిన్న బంగారు ప్యాంటు ఇస్తారు. డబ్బుతో చూస్తే అదేం పెద్ద వస్తువు కాదు. 2021లో చేరిన జాక్ సాయర్, ఎమెకా ఎగ్బుకా, ట్రెవియాన్ హెండర్సన్ దేశ చాంపియన్లుగా కాలేజీ వదిలి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళారు, ఒక్క బంగారు ప్యాంటూ లేకుండా. నాకు అదే మనసులో ముల్లులా ఉంది.

భోజనాలయ్యాక నలుగురం ఆన్ ఆర్బర్ క్యాంపస్‌కి వెళ్ళాం. సెలవులు కావడంతో విద్యార్థులు తక్కువ, మా ఎరుపు టోపీలు, వాళ్ళ నీలం టోపీలు ఎక్కువ. చలి చెవుల్ని కొరికేస్తోంది. క్యాంపస్ నడిబొడ్డున డయాగ్ అనే మైదానం, దాని మధ్యలో నేలలో పొదిగిన పెద్ద ఇత్తడి ‘ఎమ్’. కొత్తగా చేరిన విద్యార్థి మొదటి పరీక్ష రాయకముందు దాన్ని తొక్కితే ఆ పరీక్ష తప్పుతాడని ఇక్కడి నమ్మకం. బామ్మర్ది చదివిన రెండేళ్ళూ పక్కనుంచే నడిచాడట. నేను వంగి చూశాను. అంచులు అరిగి నున్నబడ్డాయి, గీతల మధ్య ఇసుక రేణువులు, ఎండుటాకు ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. మావాడు అప్పటికే జేబులోంచి టేపు తీశాడు. చెయ్యి పట్టుకున్నాను. మనింట్లో వేసుకో, మన క్యాంపస్‌లో వేసుకో, ఇది వాళ్ళిల్లు, ఇక్కడ వద్దు అన్నాను. వాడికి గార్డ్‌నర్ కథ అక్కడే నిలబడి చెప్పాను. టేపు మళ్ళీ జేబులోకి వెళ్ళింది.

స్టేడియం మెయిన్ స్ట్రీట్ మీదుంది. 1927లో కట్టారు. నేలని తవ్వి లోపలికి దించారు కాబట్టి బయటి నుంచి చూస్తే లక్షా ఏడు వేల చిల్లర మంది పడతారని ఎవరూ అనుకోరు. గేటు కమ్ముల సందులోంచి చూస్తే మెట్లు కిందికి దిగుతూ దిగుతూ ఉన్నాయి. మేం ఇక్కడ చివరిసారి గెలిచింది 2019లో, 56–27.

ఇక రేపటి సంగతి. మేం 11–0, అంటే పదకొండు గెలుపులు, ఒక్క ఓటమీ లేదు, నంబర్ వన్. వాళ్ళు 9–2. ఈ సీజన్లో మా మీద ఏ జట్టూ 16 పాయింట్లు దాటలేదు. ఆర్వెల్ రీస్, కేలెబ్ డౌన్స్ లాంటివాళ్ళు ఉన్న డిఫెన్స్ అది. మా క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్ వేసే పది పాసుల్లో దాదాపు ఎనిమిది చేతుల్లో పడుతున్నాయి. కానీ ఆ పాసులు పట్టాల్సిన జెరెమయా స్మిత్, కార్నెల్ టేట్ ఇద్దరూ పోయిన వారం గాయాలతో రట్గర్స్ యూనివర్సిటీ మీద ఆడలేదు. పైగా రేపు మంచు పడుతుందంటున్నారు. తడి బంతి, గడ్డకట్టిన వేళ్ళు. అందుకే పాసుల లెక్కలు నాకు ధైర్యమివ్వడం లేదు. గత నాలుగు మ్యాచుల్లోనూ బంతి పట్టుకుని పరిగెత్తడంలో ఎక్కువ యార్డ్‌లు సాధించింది మిషిగనే, గెలిచిందీ మిషిగనే. పోయినేడాది మావాళ్ళు మధ్యలోకే పదేపదే బంతి తోసి, గోడకి తల బాదుకున్నట్టు ఆగిపోయారు. మూడో డౌన్ (పది యార్డ్‌లు దాటడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది), రెండు యార్డ్‌లు కావాలి, అప్పుడు ఎదుటి లైన్‌ని వెనక్కి నెట్టగలమా లేదా? నా దృష్టిలో మ్యాచ్ అక్కడే తేలుతుంది.

బామ్మర్ది ఆశంతా వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ అండర్‌వుడ్ మీద. మొదటి ఏడాది కుర్రాడు, క్యాంటన్ పక్కనే ఉన్న బెల్విల్‌వాడు. “మా పక్క ఊరి పిల్లాడు బావా” అని ఇంట్లో పిల్లాడి గురించి చెప్పినట్టే చెప్తాడు. బంతి పట్టుకుని పరిగెత్తే వాళ్ళ ఆటగాళ్ళలో జస్టిస్ హేన్స్ గాయంతో లేడు, జోర్డన్ మార్షల్ ఆడతాడో లేదో చూడాలి. ఆ మార్షల్ సిన్సినాటి కుర్రాడు, మా ఒహాయో బిడ్డ. రాష్ట్రంలో అత్యుత్తమ హైస్కూల్ ఆటగాడిగా పేరు తెచ్చుకుని, వెళ్ళి వాళ్ళ జట్టులో చేరాడు. ఇలాంటివి కూడా ఈ మ్యాచ్‌లో భాగమే.

నా అంచనా చెప్తున్నాను, 24–13తో గెలుస్తాం. గొంతు గట్టిగా లేదు, నిజమే.

ఇప్పుడు రాత్రి పదకొండు. మిరియాల చారు రెండు గ్లాసులు తాగాను. కిక్‌ఆఫ్ మధ్యాహ్నం పన్నెండుకి, తొమ్మిదికల్లా కారెక్కాలి. మావాడు ఎర్ర టోపీ తీయకుండానే నిద్రపోయాడు. బామ్మర్ది పొద్దున్నే వెతుక్కోకుండా తలుపు దగ్గర జతల కొద్దీ ఉన్ని మేజోళ్ళు పెట్టాడు. వాడివన్నీ నీలం. అడుగున వెతికి నాకోసం ఒక నల్లజత తీసి విడిగా పెట్టాడు.