నాన్నతో పారడైజ్ మంచులో

సియాటిల్‌లో ఆకాశం తేటపడిన రోజున ఇక్కడివాళ్లు ‘కొండ బయటికొచ్చింది’ అంటారు. ఆ కొండ మౌంట్ రైనియర్, ఎత్తు 14,410 అడుగులు. తెనాలి దగ్గర మా ఊరి నుంచి వచ్చిన నాన్న రెండు వారాలుగా పొద్దున్నే కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర నిలబడి దానికోసం చూస్తున్నారు. రెండుసార్లే కనపడింది. “దాని దగ్గరికి వెళ్లొచ్చా అమ్మా?” అని అడిగారు. క్రిస్మస్ మర్నాడే బయలుదేరాం.

ఆ కొండ చుట్టూ ఉన్నది జాతీయ పార్కు. నవంబరు 1 నుంచి మే 1 వరకు అందులోకి వచ్చే ప్రతి బండిలోనూ టైర్లకు వేసే గొలుసులు ఉండాలి. ముందురోజే ఇంటి దగ్గర ఒకసారి బిగించి, విప్పి చూసుకున్నాను. వేళ్లు కొంకర్లు పోయే చలిలో రోడ్డు పక్కన కూర్చుని ఆ పని నేర్చుకోవాల్సిన అవస్థ ఎవరికీ వద్దు. పార్కులోని లాంగ్‌మైర్ దగ్గర, పైకి వెళ్లే రోడ్డుకున్న గేటును రాత్రి మూసి, పొద్దున రోడ్డు మీది మంచు తోసేశాక తెరుస్తారు. అది తెరిచేలోగా అక్కడి దుకాణంలో స్నోషూలు, అంటే మంచులో దిగబడకుండా బూట్లకు కట్టుకునేవి, అద్దెకు తీసుకున్నాం.

నాన్న ఒకదాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసి, బోర్లేసి చూశారు. పాదానికి రెండింతలకు పైగా పొడవున్న అల్యూమినియం చట్రం, దానికి బిగించిన గట్టి పట్టా, అడుగున ఇనుప పళ్లు. బూటు ముందు భాగాన్నే కట్టేస్తారు. మడమ వదులుగా ఉండి, అడుగేసినప్పుడల్లా లేస్తుంది. “మన ట్రాక్టరుకు దమ్ము చక్రాలు వేసినట్టే కదమ్మా!” అన్నారు. దమ్ము చేసిన మడిలో మామూలు టైరు దిగబడిపోతుంది, వెడల్పాటి ఇనుప చక్రం పట్టు చిక్కించుకుంటుంది. స్నోషూల గురించి నేను చదివిన వివరణలన్నిటికంటే ఆ మాటే నాకు నచ్చింది.

ఎన్నో ఏళ్లుగా ఒంటికి అంటిపెట్టుకున్న నూలు బనీను మాత్రం ఆ రోజుకు ఆయనతో మాన్పించాను. చెమటకు తడిసిన నూలు తొందరగా ఆరదు, ఆగి నిలబడగానే ఒళ్లు చల్లబరిచేస్తుంది. లోపల ఉన్ని, పైన గాలి చొరని కోటు వేయించాను.

లాంగ్‌మైర్ నుంచి ఆ రోడ్డు చేరే పారడైజ్ 5,400 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ ఏడాదికి సగటున 640 అంగుళాల మంచు కురుస్తుంది. 1971-72లో ఏకంగా 1,122 అంగుళాలు కురిసింది. కురిసింది కురిసినట్టు నిలిస్తే మా చెరువుగట్టు మీది తాడిచెట్టు తలకూడా కనపడదు! మేము వెళ్లిన రోజున నేల మీద ఐదడుగులకు పైనే ఉంది.

కాళ్లు కాస్త ఎడంగా వేయాలనీ, వెనక్కి నడవకూడదనీ చెప్పాను. పది అడుగుల్లో నాన్నకు లయ దొరికింది. పొడి మంచు కాళ్ల కింద ఉప్పు బస్తా కుదిపినట్టు నలిగేది. ఆగితే ఆ చప్పుడు కూడా ఉండేది కాదు. చెట్ల మొదళ్ల దగ్గరికి మాత్రం ఆయన్ను పోనివ్వలేదు. కిందికి వాలిన కొమ్మల మాటున మంచు గుల్లగా ఉండి, మనిషి నిలువునా కూరుకుపోయే గుంటలు ఏర్పడతాయి.

ఆల్టా విస్టా గుట్ట దగ్గర నీళ్లు తాగడానికి ఆగాం. సీసాలను సంచిలో తలకిందులుగా పెట్టి తెచ్చాను. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి ఇలా పెడితే మూత దగ్గర పట్టేయదు. నాన్న సీసాను నిలబెట్టి, అడుగు భాగాన ఏర్పడిన పలచని మంచు బిళ్ల ఊడి నెమ్మదిగా పైకి తేలుతుంటే కళ్లార్పకుండా చూశారు.

మా లక్ష్యం 6,800 అడుగుల ఎత్తున్న పనోరమా పాయింట్. పొద్దున చదివిన సూచనలో, చెట్లు ఉండని ఎత్తుల్లో మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉందని రాశారు. ఆ వాలు కిందికి చేరేసరికి గాలి శిఖరం వైపు నుంచి మంచును పొగలా ఎగరగొట్టి, సరిగ్గా మేము ఎక్కాల్సిన వైపే పోస్తోంది. అయినా అప్పటికే ఎవరో ఎక్కిన జాడ వరుసగా పైకి సాగిపోయింది. నాకు వెళ్లాలనే ఉంది. ఇంత దూరం నుంచి వచ్చిన నాన్నకు పైనుంచి చూపించకుండా ఎలా తీసుకెళ్లను?

“ఆ అడుగులు చూసి ఎక్కుతావా, పొద్దున నువ్వు చదివింది చూసి ఆగుతావా?” అన్నారు నాన్న. కోపం లేదు, భయం లేదు, నిజంగానే అడిగారు. నేను ఆయన చేయి పట్టుకుని వెనక్కి తిరిగాను. ఆయన అడగకపోతే ఏం చేసేదాన్నో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తిరిగేసరికి దక్షిణాన టటూష్ పర్వతాల వరుస మీద మబ్బు విడిపోయింది. రంపపు పళ్లలాంటి ఆ శిఖరాలన్నిటి మీదా మధ్యాహ్నపు ఎండ. నాన్న చేతికర్రలు మంచులో గుచ్చి, టోపీ తీసి, చాలాసేపు నిలబడ్డారు. తొందరపెట్టాలనిపించలేదు గానీ డిసెంబరు చివర్లో ఇక్కడ నాలుగున్నరకల్లా పొద్దు గుంకుతుంది. గేటు మూసేలోగా దిగాలి.

కిందికి వచ్చి ఫోనుకు సిగ్నల్ అందగానే అమ్మకు చేశారు. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. దమ్ము చక్రాల గురించి చెప్పారు, తలకిందుల సీసా గురించి చెప్పారు. ఆ తర్వాత, “మినుము మొలక ఎలా ఉంది?” అని అడిగారు.